కాఫీ చల్లారేలోగా

దేశానికి పడమటి కొసనున్న కొలోమియా ఊళ్ళో పాత గ్రంథాలయం కింద ఉన్న నేలమాళిగకి ఒక్కటే కిటికీ. అదీ వీధి మట్టానికి ఉంటుంది. అందులోంచి చూస్తే మనుషుల కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. పొద్దున్న తొమ్మిదింటికి ఆ కాళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. యుద్ధంలో పోయినవాళ్ళ కోసం దేశమంతా రోజూ పాటించే మౌనం అది. రేడియోలో టిక్కుటిక్కుమనే చప్పుడు ఆగగానే కాళ్ళు మళ్ళీ కదిలాయి.

జినోవీ కిటికీ వదిలి పొయ్యి దగ్గరికి వచ్చాడు. రాగి గిన్నెలో కాఫీ నురగ కట్టి పైకి లేస్తోంది. పొంగబోయే క్షణంలో దించాడు. అది ఇద్దరికి సరిపడే గిన్నె. భార్య ల్యూబా పోయాక ఒక్కడికి సరిపోయేది కొనుక్కోవాలని ఎన్నిసార్లు అనుకున్నాడో, కొనలేదు. రోజూ రెండు కప్పులు కాచి, ఒకటి తాగి, రెండోది పారబోస్తూ ఉంటాడు.

ఫోను తీసి పిల్లల గుంపుకి ఎప్పటిలాగే రాశాడు: "అందరూ ఉన్నారా?"

వెంటనే ఒక ప్లస్ వచ్చింది. వర్వారాది. దాని వెనకే మరొకటి, ఇంకొకటి. మాటలు లేవు, వట్టి కూడిక గుర్తులు. యుద్ధం మొదలయ్యాక దేశంలో అందరికీ అలవాటైన భాష అది. బాంబు పడగానే "ఎవరున్నారు?" అని ఒకరు అడుగుతారు, బతికున్నవాళ్ళు ప్లస్ పెడతారు. సరిహద్దులో ఉన్న సైనికుడు ఇంటికి పంపేదీ అదే. ఉత్తరం రాసే తీరిక లేనివాడికి కూడా ఒక గుర్తు నొక్కే తీరిక దొరుకుతుంది.

ఈ నేలమాళిగలో నడిచే ఆసరా కేంద్రానికి వచ్చే పిల్లలందరూ తూర్పున ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు. "ఎలా ఉన్నావు?" అంటే గోడవైపు చూస్తారు. అలాంటివాళ్ళ చేత రోజుకొక్క గుర్తయినా పెట్టించవచ్చని ఈ పద్ధతి తెచ్చింది జినోవీయే. మనస్తత్వశాస్త్రం చదివి, సగం జీవితం బడిపిల్లల మధ్య గడిపిన మనిషి. ఆ పద్ధతి మీద ఆయనకి లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

నిన్న అందరి ముందూ అన్నాడు కూడా. "వర్వారాని చూసి నేర్చుకోండి. ఒక్కరోజు ప్లస్ తప్పలేదు."

వర్వారా అప్పుడు తలెత్తింది. పదిహేడేళ్ళ పిల్ల. సన్నగా, ఎప్పుడూ వీపున సంచితో ఉంటుంది. "పాన్ జినోవీ, ఎప్పుడైనా ప్లస్ రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగింది. పాన్ అంటే వాళ్ళ భాషలో 'గారు', ఆడవాళ్ళకైతే పాని.

"పరిగెత్తుకొస్తాను. నా కాఫీ చల్లారేలోగా నీ గుమ్మంలో ఉంటాను."

"ప్లస్ వస్తే?"

"వస్తే ఇంకేముంది, నిమ్మళంగా కూచుని ఆ కాఫీ తాగుతాను."

అందరూ నవ్వారు. వర్వారా కూడా నవ్విందనే ఆయనకి గుర్తు.

ఇప్పుడు ఆ నిమ్మళమైన కాఫీని ఒక గుక్క తాగాడో లేదో, మెట్లమీద బరువుగా అడుగుల చప్పుడు వినిపించింది. వర్వారా అమ్మమ్మ రయీసా దిగుతోంది. ఆవిడ భుజాన మనవరాలి సంచి ఉంది.

"పిల్ల ఏదీ డాక్టరుగారూ?"

"నేను డాక్టర్ని కాదని చెప్పానుగా పాని రయీసా."

"మనసులు చూసేవాడు డాక్టరు కాకపోతే కంసాలివాడా? ముందు పిల్ల ఏదో చెప్పండి."

"ఇక్కడికి రాలేదే. జలుబు చేసింది, ఇవాళ రానని నిన్ననే చెప్పింది."

ముసలామె మెట్టు మీదే ఆగిపోయింది. "నాతో మీ దగ్గరికే వెళ్తున్నానంది. చీకటుండగానే వెళ్ళింది. ఇంత పొద్దున్నే ఏమిటే అంటే, బొమ్మలు వేసే పని ఉందంది."

"కంగారు పడకండి. ఇదిగో, ఇప్పుడే ప్లస్ పెట్టింది, చూడండి." జినోవీ ఫోను ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు.

రయీసా ఆ గుర్తుని చూసింది. తర్వాత కోటు జేబులో చెయ్యి పెట్టి ఇంకో ఫోను తీసింది. మూల పగిలి, పసుపురంగు టేపు అతికించిన ఫోను. వర్వారాది.

"దేనితో పెట్టింది?" అంది. "ఇది దాని దిండు కింద దొరికింది. నిన్న సాయంత్రం మేముంటున్న హాస్టల్లో కరెంటు పోయినప్పట్నుంచీ ఇందులో ఛార్జింగ్ లేదు. నొక్కి చూడండి, వెలగదు."

జినోవీ నొక్కాడు. వెలగలేదు. తన ఫోనులో మాత్రం వర్వారా పేరు పక్కన ప్లస్ అలాగే ఉంది.

"ఈ సంచి కూడా వదిలేసి పోయింది," అంది రయీసా, గొంతు తగ్గించి. "దీన్ని స్నానానికి కూడా వెంట తీసుకెళ్తుంది. మందులు, కాగితాలు, నీళ్ళు... మా ఊరు ఒరీఖివ్ వదిలి వచ్చిన రోజునుంచీ దించలేదు. ఇవాళ మంచం మీద సర్ది పెట్టి పోయింది."

పారిపోవాల్సి వస్తే వెంట ఉండాలని సర్దుకున్న సంచి అది. దాన్ని వదిలేసిన మనిషి ఎక్కడికి బయల్దేరినట్టు? ఆ ప్రశ్న జినోవీ పైకి అనలేదు.

మూలనున్న సోఫాలో పడుకుని ఫోనులో ఆట ఆడుకుంటున్న దెమీద్ లేచి కూర్చున్నాడు. కుప్యాన్స్క్ నుంచి వచ్చిన కుర్రాడు, కేంద్రంలో పెద్ద వాగుడుకాయ. రయీసాకి వాడంటే ముద్దు, కోతీ అని తప్ప పిలవదు.

"బామ్మా, అది దానంతటదే వస్తుంది," అన్నాడు. "ముందే రాసి, ఫలానా రోజు ఫలానా వేళకి అని పెట్టేస్తే చాలు. ఫోను చచ్చిపోయినా, అవతల వాళ్ళ కంప్యూటరు పంపించేస్తుంది."

"నీకెలా తెలుసురా కోతీ?"

"నేనే నేర్పాను." వాడి ముఖంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "పొద్దున్నే లేవడానికి బద్ధకం, పాన్ జినోవీ గోల పడలేకపోతున్నా అంది. నేను కూడా అదే చేస్తున్నాలే అని చూపించాను. చాలా రోజులకి ఒకేసారి పెట్టుకుంది. అప్పుడొకటి అడిగింది. వచ్చినదాన్ని చూసి, అది ఇప్పుడు రాసిందో ఎప్పుడో రాసిందో తెలుస్తుందా అని. తెలీదు, రాసినవాళ్ళకే తెలుస్తుంది అన్నాను." వాడు జేబులోంచి నల్లటి ఛార్జింగ్ డబ్బా తీశాడు. "నిన్న ఇదిచ్చింది. ఉంచుకో, నాకింక అక్కర్లేదు అంది. నేను వెధవని, థాంక్స్ చెప్పాను."

రయీసా బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"ఒలేస్యా ప్లస్‌లు," అంది.

ఒలేస్యా వర్వారా తల్లి. సైన్యంలో క్షతగాత్రులకి కట్లు కట్టే పని చేసేది. చలికాలంలో ఆచూకీ లేకుండా పోయింది. అంతవరకే జినోవీకి తెలుసు.

"జాడ తెలియడం లేదని కాగితం వచ్చింది కదా," అంది రయీసా. "అందులో వేసిన తేదీ తర్వాత కూడా మాకు ప్లస్‌లు వచ్చాయి. రోజూ పొద్దున్నే. నేను ఆఫీసుకెళ్ళి పోట్లాడాను, మీ కాగితం తప్పు, నా కూతురు బతికే ఉందని. పిల్లకీ అదే చెప్పాను. ఒకరోజు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నాకు అర్థం కాలేదు. నాకెవరు చెప్తారు ఈ ఫోను సంగతులు? దానికి అర్థమైంది కాబోలు. నాకు చెప్పలేదు."

జినోవీకి ఇప్పుడు మొత్తం అర్థమైంది. ఫోను అందని చోటికి వెళ్ళేముందు, బిడ్డ భయపడకూడదని ఆ తల్లి కొన్ని పొద్దుల్ని ముందే రాసిపెట్టి వెళ్ళింది. ఏ గుర్తయితే ఆ పిల్లని మోసం చేసిందో, దాన్నే తను రోజూ పొద్దున్నే ఆమె చేతిలోంచి అడిగి తీసుకుంటున్నాడు. పైగా మెచ్చుకున్నాడు.

తలచుకుని కూర్చునే వేళ కాదు. పోలీసులకి ఫోను చేశాడు. పిల్ల వయసు, ఎత్తు, వేసుకున్న బూడిదరంగు స్వెట్టరు, వదిలేసిన సంచి, ఫోను, అన్నీ చెప్పాడు. "ప్రాణం తీసుకుంటుందేమోనని భయం" అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు. ఆ మాట విని రయీసా కళ్ళు మూసుకుంది. అవతలివాళ్ళు బండి పంపిస్తామంటుండగానే పైన సైరన్ అందుకుంది.

"ఎక్కడో మిగ్ లేచి ఉంటుంది," అని గొణిగాడు దెమీద్. శత్రువు విమానం ఒక్కటి గాల్లోకి లేస్తే దేశమంతా కేక పెట్టాల్సిందే. కిటికీలో కాళ్ళు వేగం అందుకున్నాయి. బస్సులు ఆగిపోతాయి, టాక్సీ రాదు.

జినోవీ గుంపుకి రాశాడు. "ఎవరూ ప్లస్ పెట్టకండి. ఇవాళ్టినుంచి ప్లస్ వద్దు. వర్వారా కనిపించడం లేదు. ఎవరైనా చూశారా? మాటల్లో రాయండి."

తర్వాత ఒకరొకరే రాయడం మొదలుపెట్టారు. ఎన్ని నెలలైనా గుర్తు దాటి ఒక్క అక్షరం రాయని పిల్లలు.

"నిన్న నా జడ అల్లింది. ఎప్పుడూ అల్లదు."

"నేను చూడలేదు. నేను కూడా బాలేను పాన్ జినోవీ, స్నానాల గదిలో కూచున్నాను."

"నేనూ ముందే రాసి పెట్టుకున్నాను, సారీ."

ఆ తర్వాత తాయిసియా అనే అమ్మాయి రాసింది: "పొద్దున్న బస్సులోంచి చూశాను. స్టేషనువైపు నడుస్తోంది. వీపున సంచి లేదు కదా, తను కాదనుకున్నాను."

జినోవీ కోటు అందుకున్నాడు. "దెమీద్, నువ్వు బామ్మ దగ్గరుండు. పోలీసులకి మళ్ళీ ఫోన్ చేసి స్టేషనని చెప్పు. గుంపులో ఎవరు ఏం రాసినా జవాబివ్వు. స్నానాల గదిలో ఉన్న పిల్లకి ముందు ఇవ్వు."

"నేనా? ఏమని రాయను?"

"జోకులెయ్యి. నీకొచ్చిన విద్యేగా."

వీధిలో ఆయన ఒక్కడే స్టేషనువైపు, మిగిలినవాళ్ళంతా ఆశ్రయాలవైపు. బేకరీ ఆమె తలుపుకి తాళం వేస్తూ, "అటు కాదు, ఇటు!" అని కేకేసి, ఆయన ముఖం చూసి ఊరుకుంది. కూడలి దాటేసరికి ఆయాసం వచ్చింది. యాభై ఏడేళ్ళ మోకాళ్ళు మొరాయించాయి. ఇప్పటిదాకా ఎంతమంది పిల్లలకి ఊపిరి నిదానంగా పీల్చమని నేర్పాడో, ఆ పాఠంలో ఒక్క ముక్క ఇప్పుడు తనకి పనికిరాలేదు. స్టేషను గడియారం కనిపించినప్పుడు ఒక్కటే అనుకున్నాడు. బెంచీ మీద ఉండాలి. ఏదో ఒక బెంచీ మీద కూర్చుని ఉండాలి.

ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. జనమంతా కింద సొరంగంలో చేరారు. తూర్పు నుంచి వచ్చే రైలు ఊరి బయట ఆగి ఉందని వినేవాళ్ళెవరూ లేకపోయినా మైకు చెబుతోంది. చివరాఖరి బెంచీ మీద బూడిదరంగు స్వెట్టరు కనిపించింది.

జినోవీ పరుగు ఆపాడు. దగ్గరికి మామూలుగా నడిచి వెళ్ళి, బెంచీ రెండో కొసన కూర్చున్నాడు.

వర్వారా తల తిప్పలేదు. "ప్లస్ రాలేదా?"

"వచ్చింది."

"మరెందుకొచ్చారు?"

"నీ ఫోను మీ అమ్మమ్మ తెచ్చింది."

"దిండు కింద చూడదనుకున్నాను."

"అమ్మమ్మలు చూడని చోటంటూ ఉండదు."

ఆమె నవ్వలేదు. ఆమె పాదాల మీద ఏదో గోధుమరంగు మూటలా ఉంది. కుక్క. స్టేషనులో తిరిగే ముసలి వీధికుక్క, చెవికి మునిసిపాలిటీ వాళ్ళ బిళ్ళ ఉంది. సైరన్ ఎత్తుకున్నప్పుడల్లా దాని ఒళ్ళంతా వణుకుతోంది.

"వర్వారా, ఒకటి సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలనుకుంటున్నావా?"

ఈ ప్రశ్న ఆయన అడగడం కొత్త కాదు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, అడగకపోవడమే ప్రమాదమని ఆయనకి తెలుసు.

ఆమె పట్టాలకేసి చూసింది. "సైరన్ ముందువరకూ అనుకున్నాను. ఇప్పుడు తెలీట్లేదు."

"సరే. తెలీకపోయినా ఫర్వాలేదు. తెలిసేదాకా ఇక్కడే కూచుంటాను."

"మీరు కిందకి వెళ్ళండి. సైరన్ మోగుతోంది."

"నువ్వొస్తే వెళ్దాం."

"నేను లేవలేను." ఆమె కళ్ళతో కుక్కని చూపించింది. "లేద్దామనుకునేసరికి సైరన్ మోగింది. ఇది ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి కాళ్ళమీద పడిపోయింది. తోసినా పోలేదు. ఎలా వణుకుతోందో చూడండి. దీన్ని వదిలి ఎలా లేస్తాను?"

జినోవీ ఆ కుక్కవైపు చూశాడు. దాని తోక కొసన బురద గడ్డకట్టి ఉంది. లోకంలో తను ఎవరికైనా బాకీ పడ్డాడంటే ఇవాళ దీనికే అనిపించింది.

"అమ్మ ప్లస్‌లలో ఏది నిజంగా ఆఖరిదో నాకు తెలీదు," అంది వర్వారా, ఎవరితోనో కానట్టు. "ఎక్కడిదాకా అమ్మ పెట్టిందో, ఎక్కణ్ణుంచి ఫోను పెట్టిందో. నేను ప్రతిదానికీ జవాబు రాసేదాన్ని. ఇవాళ అమ్మమ్మ బోర్ష్ సూపు మాడబెట్టింది అని రాశాను. అప్పటికే అమ్మ..." ఆగిపోయింది.

మీ అమ్మ నీ మీద ప్రేమతోనే అలా చేసిందని చెప్పబోయాడు జినోవీ. అది ఈ పిల్లకి తెలియనిది కాదు.

"అమ్మ మీద కోపం లేదు. మీమీద ఉంది."

"చెప్పు."

"రోజూ పొద్దున్నే అందరూ ఉన్నారా అంటారు. వాళ్ళ కమాండరు అడిగే మాట కూడా అదే, అమ్మ చెప్పేది. ఆ మాట చూసి ప్లస్ నొక్కుతుంటే నేనే అమ్మనయిపోయినట్టు ఉండేది. నొక్కలేక ముందే రాసేసుకున్నాను. రాసుకున్నాక ఇంకా పాడైంది. నేను లేకపోయినా మీకు ఏమీ తేడా రాదని తెలిసిపోయింది. రోజూ ప్లస్ వస్తుంది, రోజూ మీరు కాఫీ తాగుతారు."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. తప్పించుకోవాలని ఆయనకి అనిపించలేదు.

"నాకు తెలీలేదమ్మా. తెలుసుకోవాల్సింది. అడగాల్సిన మాట అడక్కుండా గుర్తుతో సరిపెట్టుకున్నాను. క్షమించు."

ఆమె మొదటిసారి ఆయనకేసి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పెద్దవాళ్ళు క్షమించమంటే ఏమనాలో నాకు తెలీదు."

"ఏమీ అనక్కర్లేదు. ఇంకా కోపంగా ఉంటే కోపంగానే ఉండు."

సైరన్ మెల్లగా దిగజారి ఆగిపోయింది. కొంతసేపటికి ముప్పు తప్పిందన్న ప్రకటన వచ్చింది. సొరంగంలోంచి జనం పైకి రావడం మొదలుపెట్టారు. దూరంగా రైలు కూసింది. జినోవీ చెయ్యి చాచి వర్వారా స్వెట్టరు చేతిని పట్టుకున్నాడు. లాగలేదు, వదలలేదు. ఆమె కూడా విడిపించుకోలేదు. రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, బుస్సుమని ఆగింది. పెట్టెలోంచి ఒకావిడ చంకలో పిల్లితో దిగింది.

కుక్క లేచి, ఒళ్ళు విదిలించుకుని, పిల్లిని చూసి ఒక్క మొరుగు మొరిగి తన దారిన తాను పోయింది.

"కృతజ్ఞత లేని జీవి," అన్నాడు జినోవీ.

వర్వారా తిమ్మిరెక్కిన పాదాలు రుద్దుకుంది. "మనం లేద్దామా?" అని ఆమే అడిగింది.

అప్పటికి పోలీసులతో పాటు రయీసా కూడా వచ్చేసింది. వస్తూనే మనవరాల్ని ఒక్క దెబ్బ వేస్తుందనుకున్నాడు జినోవీ. ఆవిడ మాత్రం ఏమీ అనకుండా సంచిని పిల్ల వీపుకి తగిలించి, పట్టీలు బిగించి, అప్పుడు ఆ సంచితో సహా కౌగిలించుకుంది. "బోర్ష్ ఎప్పుడే మాడబెట్టాను?" అని చెవిలో అడిగింది. రాగానే జినోవీ గబగబా చెప్పిన నాలుగు మాటల్లో ఆవిడ పట్టుకున్నది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ వర్వారాతో చాలాసేపు మాట్లాడింది. మందులు రాసింది, మర్నాడు మళ్ళీ రమ్మంది. ఒక్కదాన్నే ఉంచవద్దంది. రయీసా తన మంచం లాక్కొచ్చి మనవరాలి మంచానికి ఆనించి వేసుకుంది. పక్క గది వాళ్ళు పగటిపూట తోడుంటామన్నారు. జినోవీ అన్నీ చూసుకుని ఇంటికి పోయాడు గాని, ఇది తీరిపోయిన సంగతి అని ఒక్క క్షణమూ అనుకోలేదు. ఇలాంటివి ఒక్కరోజులో తీరవని ఆయనకి తెలుసు.

మర్నాడు పొద్దున్న కిటికీలో కాళ్ళు ఆగాయి, కదిలాయి. జినోవీ గిన్నె దించి, కొత్త మాట రాయబోయాడు: "ఇవాళ ఎలా తెల్లారింది? ఒక్క మాటయినా చాలు." అది రాయకముందే ఫోను టింగుమంది.

వర్వారా ప్లస్.

ఎప్పుడో రాసి పెట్టిందని తెలుసు. పక్కన అమ్మమ్మ ఉందని కూడా తెలుసు. అయినా కూర్చుని కాఫీ తాగబుద్ధి కాలేదు. రయీసాకి ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. రాగి గిన్నెకి మూత పెట్టి, తువ్వాలు చుట్టి, రెండు కప్పులు కోటు జేబుల్లో వేసుకుని బయల్దేరాడు.

హాస్టలు తలుపు వర్వారాయే తీసింది. జుట్టు రేగి ఉంది. తల్లి సైనికుల జాకెట్టు వేసుకుంది, చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. లోపల అమ్మమ్మ ఎవరినో తిడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అది పాతది," అంది.

"తెలుసు."

"మరి?"

"ప్లస్ వచ్చినా వస్తానని మొన్న చెప్పలేదు కదా. చెప్పి పోదామని."

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "అవి ఇంకా బోలెడున్నాయి. రోజూ వస్తారా? తీసేయనా?"

తీసేయమంటే జినోవీ మోకాళ్ళకి సుఖమే. "నీ ఇష్టం. తీసేస్తే నువ్వు రాసే మాట కోసం చూస్తాను. ఉంచితే మాత్రం కాఫీ తెస్తాను."

మెట్ల మీదే కూర్చుని రెండు కప్పుల్లోనూ పోశాడు. ఆమె పక్కన కూలబడి, పొడుగు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి కప్పు పట్టుకుంది.

"చల్లారిపోయింది," అంది.

"ఇక్కడికి మెట్లు ఎక్కువ."

ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "చేదు."

"చక్కెర మర్చిపోయాను."

ఆమె కప్పు కింద పెట్టలేదు. ఇంకో గుక్క తాగింది. లోపలినుంచి అమ్మమ్మ కేకేసింది, గుమ్మంలో చలి గాలి, తలుపెయ్యమని. వర్వారా కాలితో తలుపు దగ్గరికి నెట్టి అక్కడే కూర్చుంది.

"రేపు చక్కెర తీసుకురండి," అంది.